తొమ్మిదో తరగతి ఇంగ్లీషు (టెక్సస్): కథంతా తెలిసినా మార్కులు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి హైదరాబాదులో ఎనిమిదో తరగతి పూర్తి చేసి, ఆగస్టులో ఇక్కడి హైస్కూల్లో నైన్త్ గ్రేడులో చేరాడు. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియమే. అక్కడ ఇంగ్లీషులో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేవాడు. ఇక్కడ ‘ఇంగ్లీష్ వన్’లో ఒక చిన్న కథ మీద రాసిన మొదటి వ్యాసానికి 68 వచ్చింది. స్పెల్లింగ్ తప్పులు రెండే ఉన్నాయి, కానీ ఇది కథాసారాంశమే తప్ప విశ్లేషణ కాదని టీచరుగారు కింద ఒక వాక్యం రాశారు. చదివిద్దామంటే పాఠం, దాని వెనక ప్రశ్నలు ఉండే పుస్తకం ఏదీ ఇంటికి రాలేదు. ఈ సంవత్సరమంతా పిల్లలకు అసలు ఏం నేర్పుతారో, ఇంట్లో మేము ఏ విధంగా సాయం చేయాలో అనుభవమున్నవారు చెప్పగలరు. ఇంకొక సందేహం. చేర్పించేటప్పుడు ఇంటి భాష తెలుగు అని రాసినందుకు వాడికి ఇంగ్లీషు పరీక్ష పెట్టారు. ‘ఇంగ్లీషు అని రాసి ఉండాల్సింది’ అని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు (ప్లేనో నుంచి, ఇద్దరు పిల్లల తల్లి)

మా పెద్దమ్మాయి కూడా ఇదే వయసులో వచ్చింది, ఇదే దెబ్బ తింది కాబట్టి మీ బాధ నాకు తెలుసు. మన దగ్గర ఇంగ్లీషు పరీక్ష అంటే ‘పాఠంలో ఏం జరిగింది?’ అన్న ప్రశ్నకు జవాబు. ఇక్కడ ఏం జరిగిందో టీచరుకూ తెలుసు, క్లాసుకూ తెలుసు. మీ అబ్బాయి దాన్ని గురించి ఏమనుకుంటున్నాడు, ఆ మాటను కథలోని ఏ వాక్యంతో నిరూపిస్తాడు అన్నదే ప్రశ్న. తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో నేర్పే వాటిలో సగానికి పైగా ఈ ఒక్క పని కిందికే వస్తాయని నాకు అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. చాలా స్కూళ్లలో ఈ తరగతిలోనే షేక్స్‌పియర్ ‘రోమియో అండ్ జూలియట్’ చదివిస్తారు. ఆ ప్రేమికుల చావుకు ఎవరు కారణమని వ్యాసం ఇస్తే, మా అమ్మాయి మొదట ‘ఇద్దరూ విందులో కలుసుకున్నారు, మర్నాడు పెళ్లి చేసుకున్నారు, తర్వాత టిబాల్ట్ చనిపోయాడు’ అంటూ ఒక పేజీ నింపింది. ఒక్క తప్పూ లేదు, మార్కులూ లేవు. రెండోసారి రాసినప్పుడు మొదటి పేరాలోనే, పగ కన్నా తొందరపాటే వాళ్లను చంపిందని తన వాదనను ఒక్క వాక్యంలో పెట్టింది. దాన్నే వీళ్లు థీసిస్ అంటారు. ఆ తర్వాత రెండో అంకం మూడో రంగంలో, పరుగెత్తేవాళ్లే తడబడతారని మతగురువు ఫ్రయర్ లారెన్స్ రోమియోను హెచ్చరించే మాటను ఆధారంగా తెచ్చింది. (మన ‘నిదానమే ప్రధానం’ లాంటి మాటే అది.) ఆధారం చూపించి ఊరుకుంటే చాలదు, నిదానం నేర్పిన ఆ పెద్దమనిషే ఆ రోజే పెళ్లి జరిపించాడు కాబట్టి, తొందరపాటు కుర్రతనానిదే కాదు, పెద్దలది కూడా అని రెండు మూడు వాక్యాల్లో వివరించింది. టీచరు వెతికేది ఆ వివరణనే. మీ అబ్బాయి పేపరులో లేనిది కూడా బహుశా అదే.

పుస్తకం సంగతికొస్తే, ఇంటికి రాకపోవడం మామూలే. కథలు, వ్యాసాలు, కవితలు స్కూలు లాప్‌టాప్‌లోనే ఉంటాయి, మధ్యలో ఒకటో రెండో పూర్తి పుస్తకాలు చదివిస్తారు. ఏవి అన్నది స్కూలును బట్టి మారుతుంది కాబట్టి, రూబ్రిక్ అనే మార్కుల పట్టికతో పాటు చదవాల్సిన వాటి జాబితా కూడా టీచరును మెయిల్లో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ అవసరం లేదు.

జవాబు (అర్వింగ్ నుంచి, హైస్కూల్లో ఇంగ్లీషు బోధించే తెలుగు ఉపాధ్యాయుడు)

పై సమాధానంతో ఏకీభవిస్తూ కొన్ని విషయాలు చేరుస్తున్నాను. టెక్సస్‌లో పిల్లలు హైస్కూలు పూర్తి చేయాలంటే స్టార్ అనే రాష్ట్ర పరీక్షలు ఐదింట్లో ఉత్తీర్ణులు కావాలి: ఆల్జీబ్రా వన్, బయాలజీ, అమెరికా చరిత్ర, ఇంగ్లీష్ వన్, ఇంగ్లీష్ టూ. ఇంగ్లీష్ వన్ పరీక్ష వసంతంలో కంప్యూటరు మీద జరుగుతుంది, చదవడమూ రాయడమూ అందులో కలిసే ఉంటాయి. అంతకు ముందెప్పుడూ చూడని వ్యాసమో కథో ఇచ్చి, దాన్ని ఆధారం చేసుకుని ఒక పెద్ద జవాబు రాయమంటారు. దానికున్న 10 పాయింట్లలో 6 ఆలోచనకూ అమరికకూ, 4 వ్యాకరణానికీ విరామచిహ్నాలకూ. కాబట్టి గైడు చూసి వల్లె వేసినా ప్రయోజనం లేదు. తప్పినవారికి జూన్‌లో, డిసెంబరులో మళ్లీ అవకాశం ఉంటుంది.

మన పిల్లలు తెలియక ఇరుక్కునేది కాపీ విషయంలో. మనకు గైడులోని వాక్యాన్ని పొల్లుపోకుండా రాసిన పిల్లవాడు మంచి విద్యార్థి. ఇక్కడ అదే పని దొంగతనం కింద లెక్క. ఇతరుల మాటను తీసుకుంటే ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పాలి, దానికి ఎమ్మెల్యే పద్ధతి నేర్పుతారు. (ఎన్నికలతో సంబంధం లేదు, మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ పెట్టిన నియమాలవి.) మొదటి పేజీలో ఎడమవైపు పైన పేరు, టీచరు పేరు, క్లాసు, తేదీ ఉండాలి. తేదీలో మాత్రం మనలాగే రోజు ముందు, నెల తర్వాత రాస్తారు. చుట్టూ అంగుళం ఖాళీ, వరుసల మధ్య రెట్టింపు దూరం వదలాలి. ఉటంకించిన వాక్యం తర్వాత బ్రాకెట్లో రచయిత పేరూ పేజీ సంఖ్యా, నాటకమైతే అంకం, రంగం, పంక్తి సంఖ్యలు పెట్టి, ఫుల్‌స్టాప్‌ను బ్రాకెట్ ముగిశాకే పెట్టాలి. చివరి పేజీలో ఆధారాల పట్టిక ఉంటుంది. ఇవన్నీ ఒక వారంలో అలవాటవుతాయి.

ఇంటి భాష గురించి మీరు నిజం రాశారు, అదే సరైనది. పరీక్షలో తగినంత ఇంగ్లీషు వచ్చినట్టు తేలితే విషయం అక్కడితో ముగుస్తుంది. తేలకపోతే భాషా సహాయం ఇస్తామంటారు. తల్లిదండ్రులు వద్దనవచ్చు గాని, వద్దన్నా ఇంగ్లీషు ఎంత వచ్చిందో చూసే టెల్పాస్ అనే పరీక్ష మాత్రం ఏటా రాయవలసే ఉంటుంది. కొత్తగా వచ్చిన పిల్లల కోసం ఉండే ఈసాల్ వన్ కోర్సు చదివినా ఇంగ్లీష్ వన్ క్రెడిట్‌గానే లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఆ పేరు చూసి వెనకబడిపోతాడేమోనని భయపడనక్కరలేదు. అవసరం ఉండి కూడా పరువు కోసం సహాయం వద్దనడమే నా దృష్టిలో పిల్లవాడికి నష్టం. ఎందుకంటే తొమ్మిదో తరగతి మార్కులు ట్రాన్స్‌క్రిప్టు అనే హైస్కూలు మార్కుల రికార్డులోకి ఎక్కి, కాలేజీ దరఖాస్తు దాకా వస్తాయి.

ప్రశ్న వేసినవారు, మూడు వారాల తర్వాత

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాడు ఇంగ్లీషు పరీక్షలో గట్టెక్కాడు, భాషా సహాయం అవసరం లేదన్నారు. రెండో వ్యాసం రాసే ముందు, భోజనాల దగ్గర తన వాదన ఏమిటో తెలుగులోనే ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. మొదటి రోజు మళ్లీ కథే చెప్పాడు. మూడో రోజుకు, వాళ్ల అమ్మ ‘అలాగని కథలో ఎక్కడుంది?’ అని నిలదీస్తే లేచి వెళ్లి లాప్‌టాప్ తెచ్చి చూపించాడు. ఈసారి 84 వచ్చింది. అయితే నాలుగు చోట్ల కామా కింద గీత గీసి ‘కామా స్ప్లైస్’ అని రాశారు. అదేమిటో మా ఇద్దరికీ అర్థం కాలేదు.

జవాబు (అర్వింగ్ ఉపాధ్యాయుడు)

ఆ తప్పుకు మన భాష అలవాటు కూడా కొంత కారణం. ‘వాన పడింది, మేము ఇంట్లోనే ఉన్నాం’ అని తెలుగులో రాస్తే ఎవరూ తప్పు పట్టరు. అదే ఇంగ్లీషులో ‘ఇట్ రెయిన్డ్, వుయ్ స్టేడ్ ఇన్‌సైడ్’ అని రాస్తే, కామాకు రెండు వైపులా ఉన్నవి రెండూ విడిగా నిలబడగల పూర్తి వాక్యాలు. వాటిని కలిపే బలం ఒంటరి కామాకు లేదు. కామా తర్వాత ‘సో’ అన్న మాట చేర్చవచ్చు, కామా స్థానంలో సెమికోలన్ పెట్టవచ్చు, లేదా ఫుల్‌స్టాప్ పెట్టి రెండో వాక్యాన్ని పెద్దక్షరంతో మొదలుపెట్టవచ్చు. గీతలున్న నాలుగు వాక్యాలనూ బయటికి చదివించి, కామా దగ్గర ఆపి, ముందు భాగం విడిగా వాక్యమవుతుందా, వెనక భాగం అవుతుందా అని అడగండి. రెండింటికీ ‘అవును’ అన్న చోటల్లా ఈ మూడింటిలో ఏది బాగుంటుందో వాణ్ణే ఎంచుకోనివ్వండి.