పాలు, నెయ్యి మానేశాక మొదటిసారి బెజవాడ వస్తున్నాను: ఎక్కడ తినాలి, ఎక్కడ పాట వినాలి?

సత్యనారాయణపురం_మేడగది:

నమస్కారం అండి. తొమ్మిదేళ్ల తర్వాత బెజవాడ వస్తున్నాను. త్యాగరాజ ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమికి రెండు రోజుల ముందు పుణే నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో దిగి, ఐదు రోజులు ఉంటాను. ఒకప్పుడు సత్యనారాయణపురంలో మేడమీద గది అద్దెకు తీసుకుని మూడేళ్లున్నాను. పగలు బెంజి సర్కిల్ దగ్గర ఉద్యోగం, సాయంత్రం ఘంటసాల సంగీత కళాశాలలో గాత్రం. క్లాసు అయ్యాక నలుగురం కలిసి ఏలూరు రోడ్డు మీద నడుచుకుంటూ, పాడుకుంటూ, ఆకలేస్తే బండి దగ్గర ఆగి పునుగులు తింటూ ఇళ్లకు చేరేవాళ్లం. అంత సుఖం మళ్లీ ఏ ఊళ్లోనూ దొరకలేదు నాకు.

ఇప్పుడొక మార్పు ఉంది. నాలుగేళ్లుగా పాలు, పెరుగు, నెయ్యి, వెన్న ఏవీ ముట్టడం లేదు. పుణేలో మా అపార్టుమెంటు వెనక పశువుల కొట్టం ఉంది. ఒకరోజు పొద్దున్న, పుట్టి వారం కూడా కాని మగదూడను ఆటోలో ఎక్కించి ఎక్కడికో పంపేశారు. దాని తల్లి రెండు రాత్రులు అరుస్తూనే ఉంది. మా పడగ్గది కిటికీ అటువైపే. మూడో రోజు పొద్దున్న కాఫీ కలుపుకోబోయి కలుపుకోలేకపోయాను. అంతే, ఆ రోజు నుంచి మానేశాను.

బెజవాడలో ఏ టిఫిన్లు నేను ధైర్యంగా తినొచ్చు? ఆరాధన రోజు త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు అయిదూ అందరూ కలిసి పాడే గోష్ఠిలో బయటినుంచి వచ్చినవాళ్లు కూర్చుని పాడొచ్చా? ఇవి చిన్న ప్రశ్నలు. అసలు ప్రశ్న మా వయొలిన్ స్నేహితురాలి అమ్మగారి గురించి. ముత్యాలంపాడులో వాళ్లిల్లు. నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ నెయ్యి కాచిన రోజున గిన్నె అడుగున మిగిలినదాంట్లో వేడన్నం, ఉప్పు కలిపి నాకోసం ముద్దలు చేసి ఉంచేది. సొంత కూతురికి కూడా నా తర్వాతే. ఆవిడ వడ్డిస్తుంటే నెయ్యి వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలంటే నాకు చేతకావడం లేదు. మీలో ఎవరైనా ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లుంటే చెప్పండి.

గవర్నరుపేట_శ్రోత:

అమ్మా, పాట సంగతి నేను చెబుతాను, తిండి సంగతి తెలిసినవాళ్లు చెబుతారు.

గోష్ఠికి పిలుపులంటూ ఉండవు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిన తిథి అది, వచ్చినవాళ్లంతా ఆయన ఇంటివాళ్లే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ అయిదు రాగాల కీర్తనలూ పాఠం ఉంటే నిర్వాహకులకు ఒక మాట చెప్పి కూర్చోండి. పుస్తకం చూసి పాడినా ఎవరూ ఏమీ అనరు. కాకపోతే పొద్దున్నే వెళ్లాలి, ఆలస్యమైతే చాప మీద చోటుండదు.

మీరు చదివిన కాలేజీలో బాలమురళీకృష్ణ గారు ప్రిన్సిపాల్‌గా పనిచేశారని మీకు తెలిసే ఉంటుంది. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన సాక్షాత్తు త్యాగరాజు గారి శిష్యులు. 2021లో పద్మశ్రీ అందుకున్న వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు కూడా పంతులు గారి శిష్యులే. ఈ ఊళ్లో ఆరాధనకు కూర్చుంటే ఆ వరుస చివర మనమూ కూర్చున్నట్టే ఉంటుంది నాకు. ప్రతి ఏడూ వెళ్తాను, ప్రతి ఏడూ వరాళి వచ్చేసరికి కళ్లు తడుస్తాయి.

తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఏం కచేరీలున్నాయో వచ్చిన రోజే పేపరు జిల్లా పేజీలో చూసుకోండి. చాలావాటికి టికెట్టు ఉండదు. సాయంత్రం ఒక అరగంట ముందు వెళ్తే మైకు సర్దుతూ శ్రుతి చేసుకోవడం కూడా వినొచ్చు.

కర్రీపాయింట్_అక్క:

చెల్లీ, పద్నాలుగేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను, వంటగది లోపలి సంగతులు చెబుతాను విను.

ముందుగా, వీగన్ అని అడగకు, ఎవరికీ అర్థం కాదు. 'పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, మీగడ పడవు' అని పేరు పేరునా చెప్పు. 'పడవు' అంటే మనవాళ్లు వెంటనే జాగ్రత్త పడతారు. ప్యూర్ వెజ్ బోర్డు చూసి ధీమాగా ఉండొద్దు. నెయ్యి ఎక్కువ వాడేది అక్కడే.

ఇడ్లీ నిక్షేపంగా తిను. మినప్పప్పు, ఇడ్లీ రవ్వ తప్ప అందులో ఏమీ ఉండదు. కానీ గాంధీనగర్ బాబాయ్ హోటల్లాంటి చోట ఇడ్లీ మీద వెన్నపూస పెట్టడమే ప్రత్యేకత కాబట్టి, ఆర్డరు చెప్పేటప్పుడే వద్దని చెప్పాలి. కారప్పొడి విడిగా అడుగు, కొన్నిచోట్ల నెయ్యి కలిపే తెస్తారు. అల్లం చట్నీ మంచిదే, చింతపండు, బెల్లం, ఎండుమిర్చి. కొబ్బరి చట్నీలో కొందరు పెరుగు కలుపుతారు, అడిగి వేయించుకో. పెసరట్టు నూనెతో కాల్చమను, లోపల ఉప్మా వద్దను, ఎందుకంటే ఉప్మా పోపు చాలాచోట్ల నేతిలోనే. ఉల్లి పెసరట్టుకు ఆ గొడవ లేదు.

సాయంత్రం బండ్ల దగ్గర మిరపకాయ బజ్జీ భయం లేదు, శనగపిండి, వాము, అంతే. మైసూర్ బజ్జీ మాత్రం వద్దు, మైదాలో పుల్లటి పెరుగు కలిపితేనే అది గుల్లగా వస్తుంది. నీ పునుగుల్లో రెండు రకాలున్నాయి. మినప పిండివైతే తిను. మైదా కలిపినవైతే పెరుగు పడి ఉంటుంది. పిండి బేసిన్‌లో సాగుతూ కనబడితే అది మైదా.

భోజనంలో గోంగూర, దొండకాయ వేపుడు, పల్లీలు నువ్వులు వేసిన గుత్తివంకాయ, పులిహోర, ఇవన్నీ నీవే. ఉలవచారు మీద మీగడ వేస్తారు, ముందే చెప్పాలి. కందిపొడికీ ముద్దపప్పు ఆవకాయకీ నెయ్యి బదులు పప్పునూనె, అంటే నువ్వులనూనె, అడుగు. అది కొత్త అలవాటేం కాదు, మా అమ్మమ్మ ఆవకాయ అన్నం అలాగే తినేది. పూర్ణం బూరెలు నూనెలో వేయించినవే, అయితే గుంట చేసి నెయ్యి పోస్తారు, అది ఆపితే చాలు. సంక్రాంతి పిండివంటలు ఇంకా డబ్బాల్లో ఉంటాయి ఆ రోజుల్లో. జంతికల్లో వెన్న వేస్తారు చాలామంది, అడగకుండా నోట్లో వేసుకోకు.

పిన్నిగారికి ఫోన్ చెయ్యి. విస్తరి ముందు కూర్చున్నాక చెప్పకు. వండేవాళ్లకు బాధ కలిగేది వద్దన్నందుకు కాదు, వండేశాక వద్దన్నందుకు. నాలుగు రోజుల ముందు చెబితే నీకోసం ఏం చెయ్యాలా అని ఆవిడే ఆలోచించుకుంటుంది. ఈ మాట నా చేత్తో రోజూ వండి పెట్టే మనిషిగా చెబుతున్నాను.

రవ్వపిండి:

నేను మృదంగం వాయిస్తాను. మా అబ్బాయి వీగన్ అయ్యాక, 'మరి మృదంగం తోలుతో చేసిందే కదా' అని నన్ను అడిగిన ప్రశ్న మిమ్మల్నీ ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే రాస్తున్నాను. మృదంగం మూతలు ఆవు, మేక, గేదె తోళ్లతో చేస్తారు. సింథటిక్ మూతలవీ వచ్చాయి. అవి వానాకాలంలో శ్రుతి దిగవు, ఎడమవైపు రవ్వపిండి పెట్టే పనీ లేదు. ఇంట్లో సాధనకు నేను వాటికి మారాను. కచేరీలో మాత్రం తొప్పి వైపు, అంటే ఎడమవైపు, పలికే గుమికి నాదం కోసం పాతదే పట్టుకెళ్తున్నాను. మా అబ్బాయికి అది నచ్చలేదు, నాకూ పూర్తిగా మనసొప్పడం లేదు. అయినా వాడు నా కచేరీకి వచ్చి ముందు వరుసలో కూర్చుంటాడు. మీరు గోష్ఠికి రావడం మానొద్దు.

బ్రాడీపేట_నాలుగోలైను:

గుంటూరు నుంచి. నేను ఆరేళ్లుగా వీగన్. మీరు ఒక పూట ఇటు రండి, రైల్లో గంట ప్రయాణం. గోంగూర, పండుమిర్చి పచ్చడి మా ఇంట్లో తిందురుగాని.

పిన్నిగారింట్లో అసలు చిక్కు నెయ్యి దగ్గర కాదు, చివర పెరుగన్నం దగ్గర వస్తుంది. పెరుగు లేకుండా లేస్తే కడుపు నిండలేదని వాళ్లు బాధపడతారు. దానికి నా ఉపాయం ఇది. పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి పాలు వడకట్టండి. ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా అయ్యాక తొడిమలున్న పచ్చిమిరపకాయలు నాలుగైదు వేసి మూతపెట్టండి. తోడు తొడిమలే. మొదటిసారి కొంచెం పల్చగా వస్తుంది, అందులోంచి ఒక చెంచా తీసి మర్నాడు వేస్తే గట్టిగా తోడుకుంటుంది. ఉప్పు, ఆవాల పోపు పెట్టి మాగాయతో తింటే మా నాన్నగారే రెండోసారి వడ్డించుకున్నారు.

సత్యనారాయణపురం_మేడగది:

అందరికీ దండాలు. అక్కా, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి పిన్నిగారికి ఫోన్ చేశాను. నెయ్యి మాట ముందు చెప్పలేకపోయాను, దూడ సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'మా పుట్టింట్లో దూడ కడుపునిండా తాగాకే గిన్నె పట్టుకెళ్లేవాళ్లమే' అంది. ఇంకాసేపాగి, 'అయితే బూరెలు చేస్తాను, నువ్వు బూరెలు ఎన్ని తినేదానివో నాకు గుర్తుంది' అంది. నేను ఏడ్చేశాను, ఆవిడ ఫోన్ కూతురికిచ్చేసింది.

పచ్చిమిర్చి తొడిమల తోడు సంగతి చెబితే నమ్మలేదు. నేను వచ్చాక తన ఎదురుగా చేసి చూపించాలట. పల్లీలు నానబెట్టి ఉంచుతానంది. శ్రోత గారూ, వరాళి ఒక్కటే నాకు మధ్యలో తప్పుతోంది. రోజూ పొద్దున్న ఆఫీసుకు ముందు అదే పాడుతున్నాను.