శీతాకాల పండుగ చందా, సేవా నిధి: డబ్బా ఒకటా, రెండా?

రసీదుపుస్తకం: కరపత్రాల మీద "ఖర్చులు పోను మిగిలింది స్థానిక సేవా సంస్థకు" అని వేస్తున్నారు. ఆ "మిగిలింది" అన్న మాటే నాకు మింగుడు పడదు. పందిరి, దీపాలు, జనరేటర్, బీమా అయ్యాక ఏమీ మిగలకపోతే? రెండు డబ్బాలు, రెండు రంగుల రసీదులు, వరుస నంబర్లు, రెండు ఖాతాలు ఉండాలి. సేవకని తీసుకున్నది పందిరికి చేబదులుగా కూడా వాడకూడదు.

పందిరిరాట: చలిలో చేతి తొడుగు విప్పి డబ్బు తీసే మనిషి "దేనికి ఇస్తారు?" అన్న ప్రశ్నకు నిలబడడు. పైగా ఈ కాలంలో పొద్దు త్వరగా వాలుతుంది, దీపాలు, జనరేటర్ ఎక్కువ గంటలు నడవాలి. వాటి బయానా చందాలు రాకముందే కట్టాలి. అదెక్కడిది?

రసీదుపుస్తకం: స్పాన్సర్లది. నోటిమాట కాదు, తేదీ వేసి రాసిచ్చిందే లెక్క. అనుమతి, బీమా, ప్రథమ చికిత్స, వెలుతురు మొదట. అలంకరణ, వేదిక హంగులు డబ్బు చేతికొచ్చాకే. వాతావరణం చెడి రద్దయితే తిరిగిరాని బయానాలను విడిగా రాసుకోండి. అప్పుడు చందా ఏమవుతుందో రసీదు మీదే ముద్రించండి.

చలిమంట: డబ్బాలు ఎన్నైనా సీలు వేయండి. విప్పేటప్పుడు ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరుండాలి. ఏ నోట్లు ఎన్నో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. క్యూఆర్ కోడ్ మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అంటించవచ్చు, గంటకోసారి స్కాన్ చేసి ఖాతా పేరు చూడండి.

పందిరిరాట: మళ్లీ సీళ్లు, సంతకాలు! ఇక్కడెవరూ దొంగలు కారండీ.

రసీదుపుస్తకం: దొంగలని నేననలేదు. రెండో డబ్బా అంటే ఎందుకంత భయం? సేవ పేరు తీసేస్తే పండుగకు ఎవరూ ఇవ్వరనే కదా?

పందిరిరాట: అవును, అదే భయం. రాత్రంతా పందిరి వేసేవాళ్లు, తెల్లారి చెత్త ఎత్తేవాళ్లు జీతం తీసుకోరు. చలికి ఇల్లు కదలని ముసలివాళ్లు నలుగురిలోకి వచ్చే సాయంత్రం అది. దానికి ఇవ్వడం దానం కాదా?

రసీదుపుస్తకం: ముమ్మాటికీ దానమే. ఆ మాటే కరపత్రం మీద వేసి అడగండి. ఇంకొకరి కష్టం ఫొటో వేసి అడగొద్దు.

నడిమిమాట: డబ్బా ఒకటే పెట్టి, "100కి 40 సేవకు" అని ముందే రాస్తే?

రసీదుపుస్తకం: దేంట్లో 40? 100 వసూలై 90 ఖర్చయిందనుకోండి. మిగులులో 40 శాతమంటే 4. మొత్తం వసూలులో అయితే 40. పోస్టర్ చదివేవాడు 40 అనే అనుకుంటాడు.

పందిరిరాట: 40 ఇచ్చేస్తే 30 లోటు. ఎవరు పూడుస్తారు?

రసీదుపుస్తకం: 60కి సరిపడా పండుగ చేయండి.

పందిరిరాట: అంటే రెండు రోజులది ఒక రోజు చేయాలి.

చలిమంట: ఒక రోజు చేసినా ఖర్చు సగం కాదు. జనరేటర్ అద్దె, డీజిల్, కాపలా తగ్గుతాయి. పందిరి వేసి విప్పే కూలి, వేదిక, కరపత్రాలు అలాగే ఉంటాయి. ఒక రోజు ఖర్చుల పట్టీ, రెండు రోజుల ఖర్చుల పట్టీ పక్కపక్కన పెట్టండి, 40 నిలుస్తుందో 25 నిలుస్తుందో అప్పుడు చెబుతాను.