బొలెరో పికప్ వెనక షాకులు (షాక్ అబ్సార్బర్లు) ఏడాదిలో రెండో జత పోయాయి. ఈసారి ఏవి వేయాలి?

మదనపల్లె_టమాటా: అన్నలూ, నాది 1.7 టన్నుల బొలెరో పికప్. చెన్నైకి టమాటా వేసుకుపోతా, తిరుగు ట్రిప్పు ఎక్కువసార్లు ఖాళీనే. వెనక షాకులు మళ్లీ ఆయిల్ కారుతున్నాయి. మొగిలి ఘాట్‌లో ఖాళీ బండి గుంత ఎక్కితే వెనక భాగం ఎగిరి పక్కకు జరుగుతోంది. ఆయిల్ షాకులా, గ్యాస్ షాకులా? రెండే మార్చాలా, నాలుగూనా? కంపెనీ గేబ్రియలా, మన్రోనా? మొన్న అడుగు వరస బాక్సుల్లో కాయంతా రసమైపోయింది, మండీలో మాట పడ్డా.

ఆకివీడు_ఐస్‌బండి: షాకుల సంగతి తర్వాత, బోల్టులు వస్తాయో రావో చూసుకో తమ్ముడూ. నాది చేపల బండి. రాత్రంతా ఐసు నీళ్లు కారి షాకు కింది బోల్టు బుష్షులో (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులో) కరుచుకుపోయింది. పానా వేసి తిప్పితే తల విరిగి చేతికొచ్చింది. చివరికి గ్యాస్ కట్టర్‌తో కోయించా, అరపూట పోయింది. ఇప్పుడు ప్రతి ట్రిప్పు తర్వాత మంచినీళ్లతో కడుగుతున్నా.

ఘాట్_బాబాయ్: కళ్లు మూసుకుని గ్యాస్ వెయ్యి. నా బండి లోడుకి వెనక కుంగేది. గ్యాస్ వేశాక గుర్రంలా లేచి నిలబడింది.

కట్టల_మేస్త్రీ: బాబాయ్, షాకు బరువు మోయదు. మోసేవి కమాన్ కట్టలు, అంటే ఇరుసు మీద వంపు తిరిగిన ఇనప పట్టీల స్ప్రింగులు. కట్టల ఊపు ఆపడమే షాకు పని. బెజవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్లుగా బళ్ల కింద పడుకుంటున్నా, నాకు చెప్పకండి.

ఘాట్_బాబాయ్: ఎన్నేళ్లు పడుకుంటే ఏం లాభం? కొత్త గ్యాస్ షాకుకి కట్టిన పట్టీ కొయ్యి, రాడ్డు దానంతటదే పైకి లేస్తుంది. లోపల బలం లేకుండానే లేస్తుందా?

కట్టల_మేస్త్రీ: లేస్తుంది. దాన్ని నేలమీద నిలబెట్టి రెండు చేతులతో నొక్కు, దిగుతుంది. నువ్వు నొక్కితే దిగేది టన్నున్నర మోస్తుందా? ఆయిల్ నురగ కట్టకుండా నైట్రోజన్ నింపుతారు, అంతే. గుంతల రోడ్డు మీద ఆగకుండా పోతే ఆయిల్ కాగి నురగ వస్తుంది, నురగలో పిస్టన్‌కి పట్టు దొరకదు. గ్యాస్ ఉంటే ఆ తిప్పలు తక్కువ. మీ బండి లేచిందంటే అదే రోజు కట్టలు కూడా సెట్ చేయించి ఉంటారు.

ఘాట్_బాబాయ్: కట్ట ఒకటి మార్పించా. అయితే ఏంటంట?

కట్టల_మేస్త్రీ: 😂😂 ఇంకేం కావాలి!

డాలస్_రావు: ఇక్కడ నా ఫోర్డ్ ఎఫ్-250 పికప్‌కి బిల్‌స్టీన్ 5100 షాకులు వేయించాను, మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టం ఉండేవి. బోటు ట్రైలర్ లాగుతూ హైవే మీద వెళ్తుంటే చేతిలో కాఫీ కూడా తొణకదు. మీరూ మోనోట్యూబే తీసుకోండి, గొట్టంలో గొట్టం ఉండే ట్విన్‌ట్యూబ్ జోలికి వెళ్లకండి.

ఆకివీడు_ఐస్‌బండి: రావుగారూ, కాఫీ కాదండీ, ఇక్కడ తొణికేది చేపలు.

నూజివీడు_రసాలు: టమాటా తమ్ముడూ, నువ్వు కూడా ఎక్స్‌ట్రా కట్ట వేయించావా? ఖాళీ బండి నిలబెట్టి షాకు పై కన్ను (బోల్టు దూరే రంధ్రం) నుంచి కింది కన్ను దాకా టేపు పెట్టు. తర్వాత షాకు ఊడదీసి, పూర్తిగా లాగి మళ్లీ కొలువు. ఆ రెండు కొలతలూ ఇక్కడ పెట్టు.

లారీ_సుబ్బు: ఎక్స్‌ట్రా కట్ట అంటే ఓవర్‌లోడేగా. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తర్వాత జరిమానా 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకి 2,000. ఆ డబ్బుతో ఎన్ని జతల షాకులొస్తాయో లెక్కేసుకో.

మదనపల్లె_టమాటా: అన్నా, టమాటా ధర పడిపోయినప్పుడు రెండు ట్రిప్పుల సరుకు ఒక ట్రిప్పులో వేయకపోతే డీజిల్ డబ్బులు కూడా రావు. మీకు కాంట్రాక్టు లోడు, మాకు మండీ లోడు.

లారీ_సుబ్బు: ఘాట్‌లో బ్రేకు పట్టకపోతే మండీ లోడా కాంట్రాక్టు లోడా అని లోయ అడగదు.

ఘాట్_బాబాయ్: మళ్లీ నీతులు మొదలు. పిల్లోడు అడిగింది షాకుల గురించి.

కట్టల_మేస్త్రీ: అడిగింది షాకుల గురించే, మీరు చెప్పిందే తప్పు. తమ్ముడూ, ఇంకోటి. ట్విన్‌ట్యూబ్ అయితే బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కు, పెట్టెలో పడుకోబెట్టి ఉంచడంతో షాకు లోపల గాలి చేరి ఉంటుంది. బుష్షు బోల్టు బండి జాకీ మీద ఉండగా బిగించవద్దు. ముందు చేత్తో తిప్పి వదిలెయ్, బండి నేలమీద దిగాక గట్టిగా బిగించు. గాల్లో బిగిస్తే దించగానే రబ్బరు మెలిపడి నెల్లోనే చిట్లుతుంది. కుర్ర మెకానిక్కులకి ఈ ఓపిక ఉండదు.

కుర్ర_మెకానిక్: పెద్దాయనా, అందర్నీ ఒకే గాటన కట్టకండి. నేను అలాగే బిగిస్తా. మా దగ్గరికొచ్చే పెద్ద మేస్త్రీల పని చూస్తే మీరే తల పట్టుకుంటారు.

డాలస్_రావు: ఇంతకీ బోటు ఫోటో పెట్టమంటారా?

ఆకివీడు_ఐస్‌బండి: వద్దండీ.

మదనపల్లె_టమాటా: నూజివీడు అన్నా, కొలిచా. షాకు పూర్తిగా లాగితే ఎంతో, ఖాళీ బండి మీద దాదాపు అంతే ఉంది. తేడా రెండు వేళ్లే! అవును, కిందటేడు ఎక్స్‌ట్రా కట్ట వేయించా. ఆ తర్వాతే మొదటి జత పోయింది.

నూజివీడు_రసాలు: దొరికింది. కట్టతో బండి వెనక లేచింది, షాకు పొడవు మాత్రం పాతదే. ఖాళీగా వస్తూ గుంతలో చక్రం దిగిన ప్రతిసారీ షాకు చివరిదాకా లాగి టక్కుమని ఆగుతోంది. అలా గుంజీ గుంజీ సీలు పోతోంది. గ్యాస్ వేసినా, బంగారంతో చేసింది వేసినా ఈ బండి మీద అదే గతి. కట్ట తీసేయి, లేదా లేచిన ఎత్తుకి సరిపడా పొడుగు షాకు వెతుకు. పొడుగుది తెస్తే లోడు మీద బండి పూర్తిగా కుంగినప్పుడు అది అడుగు తగలకూడదు, అదీ కొలవాలి. నేనైతే కట్టే తీస్తా.

మదనపల్లె_టమాటా: తీస్తే ఆ బాక్సులు ఎక్కడ పెట్టేది అన్నా.

లారీ_సుబ్బు: హమ్మయ్య, నేను చెప్పిందే కదా!

కట్టల_మేస్త్రీ: ఇంతకీ నాలుగూ మార్చాలా అన్నదానికి ఎవరూ చెప్పలేదు. ముందువి కారకపోతే వదిలేయ్. వెనక జత మాత్రం రెండూ కొత్తవే, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ వద్దు.

ఘాట్_బాబాయ్: తమ్ముడూ, కట్ట తీసేస్తే పారేయకు. నాకు ఇచ్చెయ్, ఎంతకిస్తావ్?