వీసాలో ఎఫ్‌ఎన్‌యూ: పేరు మీద రెండు నిమిషాల కథ ఎలా చేయాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. వీసాలో నా పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. దాని మీద ఫొటోలు, నా గొంతుతో చిన్న వీడియో కథ చేద్దామనుకుంటున్నా. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు 1: తమ్ముడూ, మంచి విషయం పట్టుకున్నావు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో పేరంతా ఆ గడిలోకి పోయి, గివెన్ నేమ్ చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అని పడుతుంది. కథలో దీనికి ఒక్క వాక్యం చాలు. "ఫలానా ఏడాది వచ్చాను" అని ఎత్తుకోవద్దు. మందుల షాపు కౌంటర్లో "ఎఫ్ ఎన్ యూ" అని పిలిచే క్షణంతో ఎత్తుకో. వెంటనే ఇంట్లో పిలిచే పేరు, అమ్మ గొంతులోనే రావాలి. ఊరికే పేరు చెప్పమంటే అమ్మ మొహమాటంగా అప్పజెప్పినట్టు చెబుతుంది. అన్నానికి పిలిచినట్టు ఒకసారి, వీధి చివర ఉన్నవాణ్ణి కేకేసినట్టు ఒకసారి పిలవమను. కాల్‌లో రికార్డు చేస్తే గొంతు పలచబడుతుంది. ఆవిడ ఫోన్లోనే రికార్డు చేసి ఫైలు పంపమను.

సొంత కథల్ని ఇలా చిన్న వీడియోలుగా చేయడం నేర్పే స్టోరీసెంటర్ అనే సంస్థ కాలిఫోర్నియాలో 1990లలో మొదలైంది, దాని పద్ధతిలో ఇలాంటి కథ రెండు మూడు నిమిషాలు. తెలుగు మాటలు పొడుగు కాబట్టి 200 దాటనివ్వకు, దాటితే చదవడం పరుగవుతుంది. పది పన్నెండు ఫొటోలు సరిపోతాయి.

జవాబు 2: నీ గొంతు బట్టల అల్మారా ముందు రికార్డు చెయ్యి, బట్టలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. హీటర్ ఆపి, ఫోన్ జానెడు దూరంలో, నోటికి కొంచెం పక్కగా పెట్టు. ఎదురుగా పెడితే ప, భ పలికినప్పుడల్లా గాలి కొడుతుంది. ముందు పది సెకన్లు మౌనంగా రికార్డు చేసుకో, ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గదిమోత తీసెయ్యడానికి అదే ఆధారం. పాత ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా తెప్పించుకో. మామూలు ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, జూమ్ చేస్తే ముఖాలు మసకబారతాయి.

జవాబు 3: తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టేముందు "స్త్రీ", "లక్ష్మి" అని కొట్టి చూడండి. కొన్ని వీడియో ఎడిటింగ్ యాప్‌లలో వత్తులు విడిపోతాయి. అలాగైతే అక్షరాలను బొమ్మగా చేసి అతికించడమే మేలు.

జవాబు 4: వీసా పేజీ చూపిస్తే నంబర్లను మసకచేసి వదలొద్దు, నల్లపట్టీ వెయ్యండి. చాలామంది పైన కప్పి పేజీ అడుగున యంత్రం చదివే అక్షరాల వరసలు రెండూ మర్చిపోతారు. పాస్‌పోర్టు నంబరు, పుట్టినతేదీ అక్కడ మళ్లీ ఉంటాయి.