డాలీ పార్టన్ లాగా నెలకో పుస్తకం: సత్యవేడు వైపు అంగన్‌వాడీ పిల్లలకు ఎట్లా ఇవ్వాలి?

సత్యవేడు_యువత
అన్నలకు, అక్కలకు నమస్కారం. అమెరికా గాయని డాలీ పార్టన్ పెట్టిన ఇమాజినేషన్ లైబ్రరీ పిల్లలకు నెలకో పుస్తకం ఉచితంగా పంపుతుంది కదా, అందులో మన పిల్లల పేర్లు రాయించవచ్చా? కుదరకపోతే రెండు అంగన్‌వాడీల్లో 40 మందికి మేమే మొదలుపెడతాం. మా హీరో పుట్టినరోజు ఫ్లెక్సీలకు పోగుచేసే డబ్బు ఈసారి దీనికే. పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? పోస్టులో పంపాలా? సగం ఇళ్లలో తమిళమే మాట్లాడతారు. అమెరికాలో ఉండే మా ఊరివాళ్లు డబ్బిస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

తిరుచానూరు_పాఠకురాలు
పేర్లు రాయించడం కుదరదు తమ్ముడూ. అది అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియాల్లోనే ఉంది. పద్ధతి మాత్రం తీసుకోవచ్చు.

1995లో డాలీ పార్టన్ సొంత ప్రాంతం, టెనెసీ రాష్ట్రంలోని సెవియర్ కౌంటీలో మొదలైంది. వాళ్ల నాయనకు చదవను రాయను రాదు, అందుకే ఆమె ఈ పని పెట్టుకుంది. ఖర్చంతా ఆమే భరిస్తుందనుకుంటారు గానీ, కాదు. పుస్తకాల ఎంపిక, పిల్లల పేర్ల పట్టిక, టోకున కొనడం ఆమె సంస్థ చూస్తుంది. ఆ ఊరి పిల్లల పుస్తకాలకు, తపాలాకు డబ్బు స్థానిక సంస్థ తెచ్చుకోవాలి. పుట్టినప్పట్నుంచి ఐదేళ్లు నిండేదాకా పుస్తకం బిడ్డ పేరు మీదే ఇంటికొస్తుంది. దాని ప్రాణమంతా ఆ పేరులోనే ఉంది.

మీ లెక్క చూడండి. 40 మందికి ఏడాదికి 480 పుస్తకాలు. ఒక్కోటి 50 రూపాయలనుకున్నా 24,000. అంత చేతిలో ఉన్నాకే మొదటి పుస్తకం ఇవ్వండి. లేకుంటే 20 మందితోనే మొదలుపెట్టండి. మూడో నెలలో ఆపేయడం మాత్రం వద్దు, పిల్లలు ఎదురుచూస్తుంటారు.

ప్రెస్సు_పని
ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వాళ్ల దగ్గర తెలుగు బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే ఉంటాయి. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్ సైట్లో ఒకే కథ తెలుగులోనూ తమిళంలోనూ దొరుకుతుంది, మీ ఊళ్లకు సరిగ్గా సరిపోతుంది. అక్కడి కథలు చాలావరకు స్వేచ్ఛా లైసెన్సువి, అచ్చువేసుకోవచ్చు. లైసెన్సు వివరం మాత్రం ప్రతి కథకూ చూసుకోండి.

తిరుపతిలో అచ్చువేయిస్తే పెద్ద రిజల్యూషన్ పీడీఎఫ్‌నే ఇవ్వండి. ప్రెస్సులో పాత ఫాంటుతో మళ్లీ టైపు చేయిస్తే వత్తులు విడిపోతాయి. సెంటర్ పిన్ (మధ్య మడతలో పిన్ను) కొట్టాలంటే పేజీలు నాలుగుతో భాగించబడాలి: 16, 20, 24. లోపలి కాగితం 130 జీఎస్‌ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు కొలత), అట్టకు 250, పైన లామినేషన్. మూలలు గుండ్రంగా కోయించండి, పిన్ను మొనలు లోపలికి మడిచారో లేదో వేలితో తడిమి చూడండి.

అందరూ చేసే తప్పొకటుంది: రచయిత, చిత్రకారుడు, అనువాదకుల పేర్లున్న చివరి పేజీ తీసేసి అక్కడ హీరో ఫొటో వేస్తారు. అది లైసెన్సుకు విరుద్ధం, రాసినవాళ్లకు అన్యాయం కూడా. ఫొటో వద్దే వద్దు. అట్ట లోపల 'ఈ పుస్తకం ........ ది' అని ఖాళీ వదిలి, పిల్ల పేరు చేత్తో రాయండి.

పాకాల_అక్క
పోస్టు వద్దు. 2025లో తపాలా శాఖ పుస్తకాల కోసం తెచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో కూడా 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పైన పన్ను. అంటే 480కి 9,600 తపాలాకే పోతుంది. ముందు సీడీపీఓకు (అంగన్‌వాడీలను చూసే అధికారి) అర్జీ ఇచ్చి, సరుకులకు తల్లులు వచ్చే రోజునే పుస్తకం చేతికివ్వండి. కేంద్రంలో వదిలేస్తే చినిగిపోతాయన్న భయంతో అంగన్‌వాడీ టీచర్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పాపం, లెక్క చెప్పాల్సింది వాళ్లే కదా. అందుకే 'ఇవి పిల్లల సొంతం, తిరిగివ్వక్కర్లేదు' అని అర్జీలోనే రాయండి.

విదేశీ డబ్బు సంగతి: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు మాత్రం విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు.

సత్యవేడు_యువత
చాలా మేలు చేశారు. 20 మందితోనే మొదలుపెడతాం. చదవడం రాని తల్లులకు ఏం చెప్పాలి?

తిరుచానూరు_పాఠకురాలు
మొదటి మూడు నెలలు మాటలే లేని బొమ్మల పుస్తకాలు ఇవ్వండి. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని 'ఇదేంది? ఏం చేస్తా ఉంది?' అని అడిగితే చాలు, ఏ భాషలోనైనా సరే. చినిగితే తిట్టొద్దని తల్లులకు చెప్పి, పారదర్శక టేపు చుట్టొకటి ఆయమ్మ దగ్గర పెట్టండి.