రొయ్యల్ని అమెరికాకే అమ్ముకోవడం మన తప్పేనా?

ఆకివీడు చెరువుగట్టు:
2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసింది కదా. ఆ వారంలోనే మా చెరువులో రొయ్యల పట్టుబడి. ముందు రోజు ఒప్పుకున్న రేటుకి కిలోకి 40 రూపాయలు కోసి, “ఇస్తే ఇవ్వండి, లేకపోతే ఉంచుకోండి” అన్నాడు ఏజెంటు. ఉంచుకోడానికి అవేమన్నా ధాన్యం బస్తాలా? రోజూ మేత ఖర్చు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు బిల్లు, పైన తెల్లమచ్చ రోగం భయం. పట్టేశాం. ఇప్పుడేమో ‘ఒక్క దేశాన్నే నమ్ముకుంటే ఇంతే’ అని అందరూ చెప్పేవాళ్ళే.

కోల్డ్‌రూం కుర్రాడు:
కోపం తెచ్చుకోకండి గానీ, చెప్పేవాళ్ళ మాటలో నిజం ఉంది. 2023-24లో దేశం నుంచి 7.16 లక్షల టన్నుల రొయ్య బయటికి వెళ్తే, అందులో 2.97 లక్షల టన్నులు అమెరికాకే. మనకి 50 పడ్డప్పుడు అక్కడ ఈక్వడార్ రొయ్యకి సుంకం 15 శాతమే, పైగా వాళ్ళది పక్కిల్లు లాంటి దూరం. సరుకు వేరే దేశాలకి మళ్ళించక తప్పదు.

పీలింగ్ షెడ్డు సూపర్‌వైజర్:
మళ్ళించండి అని రాసెయ్యడం తేలికే తమ్ముడూ. అమెరికా వాడికి తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగి ప్యాక్ చేయాలి. మా షెడ్డులో రెండు షిఫ్టుల ఆడవాళ్ళు బతికేది ఆ పని మీదే. చైనా ఎక్కువగా తలతోనే కొంటుంది. సరుకు పోతుంది సరే, ఒలిచే పని ఎక్కడుంటుంది? యూరప్ అంటారా, అక్కడ యాంటీబయాటిక్ పరీక్షలకి మన లోడ్లలో సగం ఆపాలని 2016లో రూలు పెట్టారు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి, పది రోజులకి పైనే ఆలస్యంగా చేరాయి. మైనస్ 18 డిగ్రీల కంటైనర్‌కి ఆ రోజులన్నీ కరెంటు కావాలి. దేశం మారిస్తే టెన్షన్ కూడా మారుతుందంతే, పోదు.

హేచరీ మనిషి:
అందరూ అమ్మకం గురించే మాట్లాడుతున్నారు. మరి మొదలు? ఇప్పుడు చెరువుల్లో ఎక్కువగా వేసే వనామీ రకం రొయ్యకి మన దగ్గర అనుమతి వచ్చిందే 2009లో. తల్లిరొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచే విమానంలో దిగి, చెన్నై క్వారంటైన్‌లో పాసయ్యాకే పిల్లలు తీసే మా ట్యాంకులకొస్తాయి. 2020లో విమానాలు ఆగినప్పుడు మా అవస్థ మాకు తెలుసు. నలభై దేశాలకి అమ్మండి, తల్లి రాకపోతే చెరువు ఖాళీయే. నన్నడిగితే కొంతమంది మళ్ళీ పాత టైగర్ రకం రొయ్య వేయాలి.

ఆకివీడు చెరువుగట్టు:
టైగర్ మాట ఎత్తకండి బాబూ. తొంభైల్లో తెల్లమచ్చకి మా నాన్న మొత్తం పోగొట్టుకున్నారు. ఆ అప్పు తీరేసరికి నా పెళ్ళయింది.

హేచరీ మనిషి:
అప్పుడు తల్లిని సముద్రంలో పట్టేవాళ్ళండి, రోగం దాంతోనే వచ్చేది. ఇప్పుడు రోగం లేని టైగర్ సీడు, అంటే రొయ్యపిల్లలు, దొరుకుతోంది. (దాని మూలం కూడా బయటి దేశమే అనుకోండి, ఒప్పుకుంటా.)

కూకట్‌పల్లి భోజనప్రియుడు:
మేం తినమా ఏంటి? మీ దగ్గర రేటు పడిందని పేపర్లో చదివి ఆదివారం మార్కెట్‌కి పోతే ఒక్క రూపాయి తగ్గలేదు.

పీలింగ్ షెడ్డు సూపర్‌వైజర్:
ఐసు, బండి, ఇద్దరు మధ్యవర్తులు. అది వేరే గొడవ. అసలు సంగతి చెరువుగట్టు గారు వినాలి. అమెరికాకి పంపే సరుకు చాలావరకు సుంకం కూడా ఇక్కడి ఎగుమతిదారే కట్టి చేర్చే షరతు మీద వెళ్తుంది. అందుకే అక్కడ సుంకం పెరిగిన రోజునే ఇక్కడ మీకు కోత పడింది.

ఆకివీడు చెరువుగట్టు:
ఆ షరతు మీద సంతకం పెట్టింది నేను కాదుగా? కొనేవాడికి ఈక్వడార్ ఉంది. ప్లాంటు వాడికి కోల్డ్ స్టోరేజీ ఉంది, రెండు నెలలు ఆగగలడు. నేను రెండు రోజులు కూడా ఆగలేను. ఏ దేశమైనా నాకొకటే. సీడు దించే రోజునే ‘ఇంతకి తగ్గకుండా కొంటాం’ అని కాగితం మీద రాసివ్వమనండి, సుంకం భారం సగం నేనూ మోస్తా.

కోల్డ్‌రూం కుర్రాడు:
రేటు పెరిగితే ఆ కాగితం పక్కన పెట్టి వేరేవాడికి అమ్మరని గ్యారంటీ ఏంటండీ?

ఆకివీడు చెరువుగట్టు:
అమ్మేవాళ్ళున్నారు, కాదనను. నా మాట నేను చెప్పగలను గానీ ఊరందరి మాట చెప్పలేను. ప్రస్తుతానికి నాలుగెకరాల్లో ఒకటిన్నర ఎండబెట్టి వదిలేశా. మిగతాదానికి ఎల్లుండి సీడు.