‘ఫాస్ట్’ అంటే ఎప్పుడూ వేగమేనా?

ప్రశ్న
అనువాదంలో ‘ద డోర్ వాజ్ స్టక్ ఫాస్ట్’ అని వచ్చింది. తలుపు వేగంగా ఇరుక్కోవడమేమిటి? ‘ఫాస్ట్ అస్లీప్’, ‘ఫాస్ట్ కలర్’ కూడా ఇలాగే తికమక పెడుతున్నాయి. ఇంకొకటి: స్లోకి స్లోలీ ఉన్నప్పుడు ఫాస్ట్‌కి ఫాస్ట్లీ ఎందుకు లేదు? క్విక్‌కీ దీనికీ తేడా ఏమిటి?

జవాబు 1
ఆ మాటకు అసలర్థమే ‘గట్టి, కదలనిది’ అండీ. వేగం తర్వాత వచ్చి చేరింది. ఎలాగంటే మన ‘గట్టి’ని చూడండి. గట్టి గోడ అంటాం, గట్టిగా పట్టుకో అంటాం, గట్టిగా అరవకు అనీ అంటాం. గోడకున్న దృఢత్వం అరుపు దగ్గరికొచ్చేసరికి జోరయింది. ఇంగ్లీషులోనూ అంతే: పరుగుకు పక్కన చేరిన ‘గట్టిగా’ మెల్లగా ‘వేగంగా’ అయి కూర్చుంది. పాత అర్థం మాత్రం పోలేదు. అందుకే ‘రన్ ఫాస్ట్’ అంటే వేగంగా పరిగెత్తు, ‘స్టాండ్ ఫాస్ట్’ అంటే ఉన్నచోటు నుంచి కదలకు.

పక్కనున్న క్రియను చూస్తే చిక్కు విడిపోతుంది. పరుగు, నడక, మాట లాంటివైతే వేగం. ఇరుక్కోవడం, పట్టుకోవడం, నిలబడడం అయితే బిగువు. మీ తలుపు ‘కదలకుండా బిగుసుకుపోయింది’. ఫాస్ట్ అస్లీప్ ‘ఒళ్ళు తెలియని నిద్ర’. ఫాస్ట్ కలర్ ‘ఉతికినా దిగని రంగు’. బిగించడమనే ‘ఫాసెన్’ కూడా ఇందులోంచి పుట్టిందే; రాతలో ‘టి’ ఉంటుంది, పలకరు. ఉపవాసానికి ఫాస్ట్ అనడం కూడా నియమాన్ని గట్టిగా పట్టడం నుంచే.

జవాబు 2
ఫాస్ట్ విశేషణమూ అదే, క్రియావిశేషణమూ అదే. ‘ఫాస్ట్లీ’ ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు రాస్తే తప్పే. జాగ్రత్త పడాల్సింది దాని చోటు విషయంలో. క్విక్లీ క్రియకు ముందైనా వెనకైనా వస్తుంది. ఫాస్ట్ వెనకే రావాలి: ‘హి డ్రోవ్ ఫాస్ట్’ సరే, ‘హి ఫాస్ట్ డ్రోవ్’ కుదరదు. ‘ఫాస్ట్ అప్రోచింగ్’, ‘ఫాస్ట్ బికమింగ్’ లాంటి చోట్ల మాత్రం ముందుకొస్తుంది.

క్విక్‌తో తేడా: ఫాస్ట్ కదిలే జోరును చెబుతుంది, క్విక్ పట్టే సమయం తక్కువని చెబుతుంది. కాబట్టి కారు ఫాస్ట్, స్నానం క్విక్. ‘ఫాస్ట్ షవర్’ అంటే అర్థమవుతుంది గానీ చెవికి ఎబ్బెట్టు. ర్యాపిడ్ ఎక్కువగా మార్పులకు, పెరుగుదలకు వాడతారు. మనిషిని ‘ర్యాపిడ్’ అనరు.

జవాబు 3
రెండు వాడుకలు మిగిలిపోయాయి.

గడియారం ‘ఫైవ్ మినిట్స్ ఫాస్ట్’ అంటే ముల్లు వేగంగా తిరుగుతోందని కాదు, అసలు సమయం కన్నా 5 నిమిషాలు ముందుందని. సరిగ్గానే నడుస్తున్నా, పెట్టడమే ముందుకు పెట్టి ఉండవచ్చు. రోజుకు 5 నిమిషాల చొప్పున ముందుకు పోతుంటే దానికి ‘గెయిన్స్’ అనే మాట వేరే ఉంది. అనువాదంలో ఈ రెండూ కలిసిపోతే కథలో లెక్క తప్పుతుంది.

కెమెరా వాళ్ళ ‘ఫాస్ట్ లెన్స్’లో కదిలేదేమీ లేదు. దాని రంధ్రం బాగా పెద్దగా తెరుచుకుంటుంది. ఆ రంధ్రం కొలతను ఎఫ్ అంకెతో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. ఎఫ్/2.8 దగ్గర సెకనులో 50వ వంతు పట్టే ఫొటో, అదే వెలుతురులో ఎఫ్/1.4 దగ్గర 200వ వంతులో అయిపోతుంది, ఎందుకంటే లోపలికొచ్చే వెలుగు నాలుగింతలు. వేగం షట్టరుది (వెలుగును లోపలికి వదిలి మూసే తెర), పేరు లెన్సుకు. ‘వేగవంతమైన కటకం’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, ఫాస్ట్ లెన్స్ అనే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు
తలుపు దారికొచ్చింది, థాంక్సండీ. మరి ‘ప్లే ఫాస్ట్ అండ్ లూజ్’? అందులో వేగమా, బిగువా?

జవాబు 1
బిగువే. పక్కనే లూజ్ ఉంది చూడండి. ఒకసారి బిగించి ఒకసారి వదిలేసే మనిషి, అంటే మాట మీద నిలబడనివాడు. ‘పూటకో మాట’ అంటే సరిపోతుంది.